ఫోన్ వచ్చిన రోజే రాసిపెట్టండి

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దేశం దాటిపోయిన మనుషుల గురించే. పేర్లు తీసేసి వేస్తున్నాం. వలస కార్మికుల కేసులు చూసేవాళ్లు, శరణార్థి శిబిరాల్లో సహాయ పని తెలిసినవాళ్లు కలిసి జవాబులిచ్చారు.

ప్రశ్న: మా ఆయన సౌదీకి పోయి 14 నెలలైతుంది. తోటపని అని చెప్పి తోలిండ్రు. అక్కడ ఎడారిల గొర్ల కాడ పెట్టిండ్రు. నెలకు 1,200 రియాళ్లు అన్నరు. ఐదు నెలలు ఇచ్చి బంద్ చేసిండ్రు. పాస్‌పోర్టు, అకామా (అక్కడ ఉండే అనుమతి కార్డు) కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గరనే ఉన్నయి. ఎవరిదో ఫోన్ అడుక్కొని వారానికోసారి మాట్లాడుతడు. పక్క మందకాడి మనిషి ‘రాత్రికి రాత్రి పోదాం’ అంటున్నడట. పోవాల్నా వద్దా? ఇక్కడ ఉండి నేనేం చెయ్యాలె?
– ఒక చెల్లెలు, జగిత్యాల జిల్లా

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ పారిపోయే సంగతి. కొడుతున్నారు, తిండీ నీళ్లూ ఇవ్వడం లేదు, ఒంట్లో బాగాలేకపోయినా దవాఖానకు తీసుకుపోవడం లేదు అంటే ఇక ఆలోచించే పని లేదు, బయటపడాల్సిందే. కానీ బయటపడితే నేరుగా ఎంబసీకో పోలీసుల దగ్గరికో పోవాలి. ఇంకో ఊర్లో ఇంకొకరి దగ్గర పనికి కుదరొద్దు. ప్రాణానికి భయం లేదు, జీతం మాత్రమే ఆగింది అంటే ఫిర్యాదు నమోదయ్యేదాకా కదలకపోవడమే మేలు. ఎందుకంటే మనిషి కనబడకపోగానే కఫీల్ ‘హురూబ్’ పెడతాడు, అంటే పని వదిలి పారిపోయాడని సర్కారుకు రాసిస్తాడు. అది పడ్డాక అకామా రెన్యూవల్ కాదు, రోడ్డు మీద దొరికితే వెనక్కి పంపేవాళ్లను పెట్టే జైలు తర్హీల్‌లో వేస్తారు, మళ్లీ ఆ దేశం గడప తొక్కనివ్వరు. మన దగ్గర ‘ఖల్లివెల్లి అయిండు’ అంటారే, అదే. తొమ్మిది నెలల బాకీ 10,800 రియాళ్లు అడగాల్సినవాడే అప్పుడు నేరస్థుడిలా నిలబడాల్సి వస్తుంది. అయితే ఫిర్యాదు ముందు పడి హురూబ్ తర్వాత పడితే, జీతం అడిగినందుకే కక్షతో పెట్టారని చెప్పడానికి తేదీ సాక్ష్యంగా ఉంటుంది. అందుకే తొందరంతా ఫిర్యాదుకు.

సౌదీలో 2021 మార్చి 14 నుంచి కార్మికులు కంపెనీ మారడం, దేశం విడిచి రావడం కొంత సులువైంది. ఆ మాట మీ ఆయన చెవిన కూడా పడి ఉంటుంది. కానీ ఆ మార్పు ఇంటి పనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు, తోటమాలులకు, పశువుల కాపరులకు వర్తించదు. ఎక్కువ అవస్థ పడేవాళ్లనే బయట పెట్టారు, ఇది ఘోరమైన అన్యాయం. పాస్‌పోర్టు గుంజుకోవడం మాత్రం అక్కడి చట్టం ప్రకారమూ తప్పే.

ఇక మీరు చేయగలిగింది. ఒక 100 పేజీల నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో ఇవి రాయండి: పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, అకామా నంబరు (10 అంకెలు, 2తో మొదలవుతుంది), వీసా మీద అచ్చయిన కఫీల్ పేరు, అతని ఫోన్ నంబరు, దగ్గరి పట్నం పేరు. కఫీల్ పేరు దగ్గరే చాలామంది తప్పుతారు. మీ ఆయన ‘అబూ’ ఫలానా అని పిలిచే పేరు వేరు, కాగితంలోని పేరు వేరు. కాగితంలోది కావాలి. పాస్‌పోర్టు జిరాక్సు లేకపోతే బెంగ పడకండి. వీసా కాపీ మీద ఆ నంబరు ఉంటుంది. పాత ఫోన్‌లో ఏజెంటు పంపిన వాట్సాప్ ఫొటోలు వెతకండి, సగం కేసుల్లో అక్కడే దొరుకుతుంది. వచ్చేసారి ఫోన్ చేసినప్పుడు ఆ ఫోన్ నుంచే లొకేషన్ పంపమనండి. ఊరి పేరు తెలియకపోయినా అది చాలు.

రెండో పేజీ నుంచి ఫోన్ల లెక్క. ఫోన్ వచ్చిన రోజే, పొయ్యి మీద అన్నం ఉన్నా సరే, దింపి రాయండి. ఇలా ఉండాలి:

“మార్చి 9, రాత్రి 8:40. కొత్త నంబరు నుంచి, ఆరు నిమిషాలు. నీళ్ల ట్యాంకరు రెండు రోజులుగా రాలేదన్నాడు. గొర్రెలకు పోసే తొట్టి నీళ్లే తాగుతున్నా అన్నాడు. కఫీల్ కొడుకు వచ్చి జీతం రంజాన్ తర్వాత అన్నాడట. కుడి మోకాలు వాపు.”

బాధ అంతా రాయక్కర్లేదు. ఎప్పుడు, ఎవరు, ఏం జరిగింది, ఎవరు చూశారు – ఇవి చాలు. వాయిస్ మెసేజ్‌లు ఉంటే ఇంకొక ఫోన్‌కు కూడా పంపి దాచండి. మూడో లెక్క జీతానిది: నెల, రావాల్సింది, వచ్చింది, చేతికా బ్యాంకుకా.

ఇప్పుడు ఫిర్యాదు. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో నమోదు చేయాలి. మీ ఫోన్ నంబరు, ఈమెయిల్ చాలు. మీసేవ కుర్రాణ్ణి అడిగినా చేసిపెడతాడు, కానీ ఫిర్యాదు నంబరు మీ నోటుబుక్కులో మీ చేత్తో రాసుకోండి. మక్కా, మదీనా, తబూక్, అసీర్, జిజాన్, నజ్రాన్ వైపు అయితే జెద్దాలోని కాన్సులేట్ చూస్తుంది. రియాద్, దమ్మామ్, ఖసీమ్, హాయిల్ వైపు అయితే రియాద్ ఎంబసీ. తప్పు చోటికి పంపితే అక్కడి నుంచి ఇక్కడికి మారడానికే రోజులు పోతాయి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఫోన్ 1800 11 3090, పైసలు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు. హైదరాబాద్ బేగంపేటలోని ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో ప్రవాసీ ప్రజావాణి ఉంటుంది, అక్కడ కాగితం ఇచ్చి రశీదు తీసుకోండి.

ఫిర్యాదులో ‘మా ఆయన కష్టాల్లో ఉన్నాడు, కాపాడండి’ అని మాత్రమే రాస్తే అది బల్ల మీదే ఆగిపోతుంది. కఫీల్ నంబరు లేకుండా ఎంబసీవాళ్లు ఎవరికి ఫోన్ చేయాలి? మీకేం కావాలో కూడా తెగేసి రాయండి: తొమ్మిది నెలల జీతం 10,800 రియాళ్లు, పాస్‌పోర్టు, ఫైనల్ ఎగ్జిట్ (దేశం విడిచి వచ్చేసే అనుమతి). కఫీల్ లొంగి పంపిస్తానన్న రోజున ఒక అరబ్బీ కాగితం ముందు పెట్టి వేలిముద్ర వేయమంటాడు. ‘నా బాకీలన్నీ ముట్టినయి’ అని ఉంటుంది అందులో. చదివించుకోకుండా వేయొద్దని మీ ఆయనకు ఇప్పుడే చెప్పండి. ఇంటికి రావడమే ముఖ్యం, జీతం తర్వాత చూసుకుందాం అనుకుంటే, బయలుదేరే ముందు ఎంబసీ పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి రావాలి. అది లేకుండా విమానం ఎక్కితే బాకీ వసూలు దాదాపు వదులుకున్నట్టే.

ఏజెంటు విషయం మీరు రాయలేదు. రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, కలిపి 35,400. ఊర్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు. మీరు లక్షన్నర ఇచ్చి, అది రెండు రూపాయల మిత్తికి తెచ్చిందైతే నెలకు 3,000, ఈ 14 నెలలకు మిత్తే 42,000. ఈ అప్పు భయంతోనే మనిషి అక్కడ నోరు మూసుకొని పడి ఉంటాడు, కఫీల్‌కూ అది తెలుసు. ఫోన్‌పే వివరాలు, ప్రామిసరీ నోటు తీసుకొని ఠాణాలో 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఫిర్యాదు ఇవ్వండి. లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపడమే ఆ చట్టం ప్రకారం నేరం, మోసం జరిగిందని వేరే రుజువు చేయనక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చేసి రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. టెలిగ్రామ్‌లో బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం అని వచ్చింది. నెలకు లక్ష, టికెట్టు వాళ్లే పంపుతారట, ఇంటర్వ్యూ పది నిమిషాల్లో అయిపోయింది. పంపొచ్చా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: వద్దు. థాయ్‌లాండ్‌లో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఇక్కడే నాన్ ఇమిగ్రెంట్ ‘బి’ వీసా తీసుకొని ఎక్కాలి, అక్కడ వర్క్ పర్మిట్ వేరే. ‘వీసా అక్కర్లేదు, టూరిస్టుగా దిగు, తర్వాత మార్పిస్తాం’ అన్నారంటే అది ఉద్యోగం కాదు. టైపింగ్ పరీక్ష కూడా గట్టిగా పెట్టకుండా లక్ష జీతం ఎవరిస్తారో మీరే ఆలోచించండి.

దారి ఎలా ఉంటుందంటే: బ్యాంకాక్ విమానాశ్రయంలో కారు సిద్ధంగా ఉంటుంది. అది ఊర్లోకి పోదు. వాయవ్యంగా 500 కిలోమీటర్ల దూరంలోని మే సోట్ అనే సరిహద్దు పట్నానికి పోతుంది. అక్కడ మోయి నది. పడవలో దాటిస్తే అవతల మయన్మార్‌లోని మ్యావడీ. ఎత్తైన గోడలు, ముళ్లకంచెలు, తుపాకులతో కాపలా. ఆడవాళ్ల ఫొటోలు పెట్టుకొని విదేశీయులతో చాటింగ్ చేసి, దొంగ పెట్టుబడుల్లో డబ్బు పెట్టించడం పని. రోజుకు 15, 16 గంటలు. టార్గెట్ తప్పితే దెబ్బలు, కరెంటు షాకులు. వదలమంటే వాళ్లు పెట్టిన టికెట్టు ఖర్చు నుంచి మొదలుపెట్టి వేల డాలర్ల లెక్క చూపిస్తారు. ‘టికెట్టు మాదే’ అన్నది అందుకు. కంబోడియాలోని సిహనూక్‌విల్, లావోస్‌లోని గోల్డెన్ ట్రయాంగిల్ ప్రత్యేక మండలం కూడా ఇలాంటి చోట్లే. మయన్మార్ ముఠాల చెర నుంచి బయటపడిన 549 మంది భారతీయుల్ని 2025 మార్చిలో రెండు వాయుసేన విమానాల్లో తెచ్చారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. ఆ సరిహద్దులో చాలా భాగం సాయుధ ముఠాల చేతుల్లో ఉంది, ప్రభుత్వం మాట అక్కడ సాగదు. బయటకు తేవడానికి నెలలు పట్టేది అందుకే.

ఈ జవాబు చదివే ఇంట్లో ఎవరైనా ఇప్పటికే అక్కడ ఇరుక్కొని ఉంటే మూడు జాగ్రత్తలు. పిల్లవాడి ఫొటో, వీడియో సోషల్ మీడియాలో పెట్టకండి, లోపల వాణ్ణి గుర్తుపట్టి కొడతారు. అడిగిన డబ్బు గుట్టుగా పంపకండి. డబ్బు అందాక ఇంకో ముఠాకు అమ్మేయడం కూడా ఉంది. పోలీసులకు, ఎంబసీకి చెప్పకుండా ఒక్క రూపాయి కదపొద్దు. మయన్మార్ లోపల ఉంటే యాంగోన్‌లోని భారత ఎంబసీ, నది దాటి మే సోట్ చేరితే బ్యాంకాక్ ఎంబసీ. ఇక్కడ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, ఠాణాలో పంపినవాడి మీద మనుషుల అక్రమ రవాణా కేసు పెట్టమనండి, అది భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్. తిరిగొచ్చాక వాణ్ణీ ప్రశ్నిస్తారు, ఎందుకంటే చాటింగ్ చేసింది వాడి చేతులే. బలవంతంగా చేయించారని చూపడానికి ఆ టెలిగ్రామ్ మెసేజ్‌లు, ఇంటికి చేసిన ఫోన్ల తేదీలు, ఇక్కడ విమానం దిగిన రోజే ఒంటి మీద దెబ్బలకు చేయించిన వైద్య పరీక్ష కావాలి.

ప్రశ్న: మా అన్న షార్జాలో గదిలో నిద్రలోనే పోయాడు. గుండెపోటు అంటున్నారు. శవం ఎన్ని రోజులకు వస్తుంది? 10 లక్షల ఇన్సూరెన్స్ వస్తుందా?
– నిర్మల్ జిల్లా

జవాబు: మీ ఇంటి దుఃఖంలో ఈ లెక్కలు చెప్పడం మాకూ కష్టంగానే ఉంది. కానీ మొదటి మూడు రోజుల్లో చేసే పనే తర్వాత అక్కరకొస్తుంది.

కాగితాలు ఒకదాని వెనుక ఒకటి నడవాలి: ఆసుపత్రి రిపోర్టు, పోలీసు క్లియరెన్స్, మరణ ధ్రువపత్రం, దుబాయ్‌లోని మన కాన్సులేట్ ఎన్‌ఓసీ, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఎంబామింగ్ (శవం చెడకుండా మందులు ఎక్కించడం) సర్టిఫికెట్, విమాన కార్గో బుకింగ్. ఇంటి నుంచి భార్య గానీ తల్లిదండ్రులు గానీ సంతకం చేసిన అంగీకార పత్రం పంపాలి. ఇద్దరు ముగ్గురు వేర్వేరు మనుషులకు అధికారం రాసిస్తే అక్కడ ఆగిపోతుంది, ఒక్కరికే ఇవ్వండి. అన్నీ సాఫీగా నడిస్తే వారం, లేదంటే రెండు మూడు వారాలు. యూఏఈ చట్టం ప్రకారం శవాన్ని పంపే ఖర్చు యజమానిదే. అతను చేతులెత్తేస్తే కాన్సులేట్‌లో భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది, దాని పేరు చెప్పి అడగండి. శంషాబాద్ నుంచి ఇంటిదాకా రాష్ట్ర ప్రభుత్వ అంబులెన్సు ఉచితం, ఫ్లైట్ నంబరు తెలియగానే చెప్పాలి.

ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షలు ప్రమాదంలో పోతేనే. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. సహజ మరణానికి రాదు. ఇక్కడే మన కుటుంబాలు దెబ్బ తింటున్నాయి. ఎండలో పనిచేసి వచ్చి నిద్రలో పోయిన మనిషికి ‘గుండె ఆగింది’ అని ఒక్క ముక్క రాసేస్తారు, ఎందుకు ఆగిందో రాయరు. మనిషి పోయాడంటే గుండె ఆగకుండా ఉంటుందా? వయసు తక్కువ, జబ్బు లేదు, ఒంటి మీద దెబ్బ ఉంది, ముందురోజు ఎండదెబ్బ తగిలింది – వీటిలో ఏ అనుమానం ఉన్నా ఎంబామింగ్‌కు ముందే పోస్టుమార్టం కోరుతూ రాతపూర్వకంగా పంపండి. మందులు ఎక్కించాక ఇక్కడ చేయించినా తేలేది తక్కువ. గదిలో ఉన్నవాళ్ల పేర్లు, ఫోన్లు, ఆరోజు డ్యూటీ ఎక్కడ, ఎన్ని గంటలు, ఇవన్నీ నోటుబుక్కులో రాయండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని అక్కడ నిషేధం. ఆ వేళలో పని చేయించి ఉంటే అది పెద్ద సాక్ష్యం.

గల్ఫ్‌లో ఏ కారణంతో చనిపోయినా తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల సాయం ఉంది, 2023 డిసెంబర్ 7 నుంచి జరిగిన మరణాలకు వర్తిస్తుంది. మరణ ధ్రువపత్రం, రద్దయిన పాస్‌పోర్టు, వీసా కాపీ, వారసుల పత్రం, బ్యాంకు పుస్తకంతో కలెక్టర్‌కు దరఖాస్తు. దినకర్మలు కాగానే పెట్టండి, ఆరు నెలలు దాటనివ్వకండి. కంపెనీ నుంచి గ్రాట్యుటీ కూడా అడగాలి: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజులది.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును. ఒక అంతర్జాతీయ సహాయ సంస్థలో ఎంపికయ్యాను. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ రోహింగ్యా శిబిరంలో గానీ దక్షిణ సూడాన్‌లో గానీ పని అంటున్నారు. హింసకు గురైనవాళ్లు చెప్పేది వింటే ఏం చేయాలి, ఎలా రాయాలి? మన ఆసుపత్రి కేస్ షీట్ లాగే రాయొచ్చా?
– హనుమకొండ

జవాబు: చాలా మంచి ప్రశ్న అమ్మా, బయలుదేరే ముందే అడిగారు.

ముందు వైద్యం, తర్వాతే రాత. అత్యాచారానికి గురైన మనిషి వస్తే గడియారం చూడాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు ఇవ్వాలి. గర్భం రాకుండా మాత్ర 120 గంటల్లోపు, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు, సుఖవ్యాధుల మందులు. వీటిలో దేనికీ ఆమె పోలీసు ఫిర్యాదు ఇచ్చిందా లేదా అన్నదానితో సంబంధం లేదు.

ఎవరి ద్వారా వింటున్నారన్నది చాలా ముఖ్యం. భర్త, అత్త, పిల్లలు దుబాసీలుగా ఉండొద్దు. రోహింగ్యా శిబిరాల్లో ఒక్కో బ్లాకుకు ‘మాఝీ’ అనే పెద్ద ఉంటాడు. సాయం చేస్తానని లోపలికి వచ్చి కూర్చుంటాడు. మర్యాదగా బయటికి పంపాలి, అతని ముందు ఏ ఆడమనిషీ నిజం చెప్పలేదు. ఒకసారి చెప్పిన మనిషితో మళ్లీ మళ్లీ చెప్పించకండి. విలేకరి వచ్చాడని, దాత వచ్చాడని పిలిపించి అడగడం ఆమెకు ఇంకో దెబ్బ. ‘మీరు చెప్పింది రాయనా? ఎవరికి చూపొచ్చు? వద్దంటే మందులు ఆపం’ అని ముందే చెప్పి ఒప్పుదల తీసుకోండి. ఆమె మధ్యలో వద్దంటే అక్కడే ఆపండి.

రాసేటప్పుడు ఆమె మాట ఆమె మాటగానే, కొటేషన్‌లో. మీరు చూసింది వేరుగా. ‘ఒంటి మీద గాయాలు’ అని రాస్తే అది దేనికీ పనికిరాదు. ‘ఎడమ ముంజేయి, బయటి వైపు, మణికట్టుకు 6 సెం.మీ. పైన, 3 సెం.మీ. పొడవు, అర సెం.మీ. వెడల్పు, మానిన మచ్చ’ – ఇలా రాసి శరీర పటం మీద గుర్తు పెట్టండి. చిత్రహింసల నమోదుకు ఐక్యరాజ్య సమితి పద్ధతి ఒకటుంది, ఇస్తాంబుల్ ప్రోటోకాల్ అంటారు. 1999లో వచ్చింది, 2022లో కొత్తగా సవరించారు. గాయానికీ చెప్పిన సంగతికీ ఎంత పొత్తు ఉందో అందులో ఐదు మెట్లు: పొసగదు, పొసగుతుంది, బాగా పొసగుతుంది, అలాంటి దెబ్బకు సాధారణంగా ఇలాగే ఉంటుంది, వేరే కారణమే ఉండదు. మీ కోపం ఎంత న్యాయమైనదైనా రెండో మెట్టు గాయాన్ని ఐదో మెట్టుకు ఎక్కించొద్దు. ఒక్కటి అబద్ధమని తేలితే మీ రిజిస్టరులోని మిగతావాళ్లందరి మాటా పోతుంది. మన కేస్ షీట్లలో అలవాటైన ‘అత్యాచారం ఆనవాళ్లు లేవు’ అన్న వాక్యం ఎన్నడూ రాయకండి. గాయం లేనంత మాత్రాన నేరం జరగలేదని కాదు. ‘పరీక్షలో గాయాలు కనిపించలేదు’ అని ఆపండి.

పేర్లు ఒక పుస్తకంలో, వివరాలు కోడ్ నంబరుతో ఇంకో పుస్తకంలో, రెండూ వేర్వేరు బీరువాల్లో. మీ సొంత ఫోన్‌లో ఒక్క ఫొటో ఉండొద్దు. చెక్‌పోస్టులో ఫోన్ తెరవమంటారు, దొరికేది మీరు కాదు, ఫొటోలోని మనిషి.

దక్షిణ సూడాన్ అయితే ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు.

ప్రశ్న: ‘ఆజాద్ వీసా’ మంచిదంటున్నారు, ఎక్కడైనా పని చేసుకోవచ్చట. నిజమేనా?
– సిరిసిల్ల

జవాబు: ఆ పేరుతో ఏ దేశంలోనూ వీసా లేదు. ఎవరో ఒక కఫీల్ పేరు మీద వీసా తీసి, అతనికి నెల నెలా కప్పం కట్టి బయట పని వెతుక్కోవడమే ఇది. బయట పట్టుబడితే తప్పు మీది, అతను ‘నాకు తెలియదు’ అంటాడు. వీసా మీద రాసిన పని, కంపెనీ పేరు మీకు చెప్పినవే అయితేనే డబ్బు కట్టండి. ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా రెండూ సరిచూసుకోండి. నంబరు ఒకరిది, ఆఫీసు బోర్డు ఇంకొకరిది కావడం తరచూ జరుగుతుంది.

ప్రశ్న: మా చెల్లెకు 26 ఏళ్లు, పదో తరగతి కాలేదు. కువైట్‌లో ఇంటిపనికి విజిట్ వీసా మీద పంపుతామంటున్నారు.
– పెద్దపల్లి జిల్లా

జవాబు: పంపొద్దు. పదో తరగతి కానివాళ్లకు ఇచ్చే ఈసీఆర్ (విదేశీ పనికి వెళ్లేముందు సర్కారు అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టు ఉన్న మహిళను ఇంటిపనికి గల్ఫ్ పంపాలంటే 30 ఏళ్లు నిండాలి. మన రాష్ట్రంలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్లాలి. ఈ రెండూ తప్పించడానికే విజిట్ వీసా. అలా వెళ్లిన మనిషి పేరు ఇక్కడ ఏ రికార్డులోనూ ఉండదు, బీమా ఉండదు, ఒప్పంద పత్రం ఉండదు. ఇంటి లోపల నాలుగు గోడల మధ్య ఏం జరిగినా వెతకడానికి మొదలు ఎక్కడో కూడా తెలియదు. ఆ ఏజెంటు ఇప్పటికే పాస్‌పోర్టు తీసుకుపోయి ఉంటే రేపే అడిగి తెచ్చుకోండి. ఇవ్వకపోతే, ఇవ్వనన్న తేదీ రాసుకొని ఠాణాకు వెళ్లండి.